విశాఖ - అనకాపల్లి బౌద్ధారామాలు: ఒకరోజు సందర్శన క్రమం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

విశాఖపట్నం పరిసరాల్లోని బౌద్ధారామాలను ఒకే రోజులో చూపే విద్యాయాత్రలను చాలావరకు దారి సౌలభ్యాన్ని బట్టి రూపొందిస్తారు. చూసే వరుస మారితే చరిత్ర అర్థమయ్యే తీరు కూడా మారుతుంది. సముద్రతీరపు కొండలైన తొట్లకొండ, బావికొండలతో మొదలై అనకాపల్లి సమీపంలోని శంకరంతో ముగిసే క్రమం ఈ ఆరామాల కాలక్రమానికీ, అక్కడి జీవన విధానానికీ దగ్గరగా ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, శంకరం, బొజ్జన్నకొండ, లింగాలకొండ, వర్షావాసం, ఏకశిలా స్తూపాలు.

ఉపోద్ఘాతం

పర్యాటక సాహిత్యంలో ఈ స్థలాలను 'బౌద్ధ దేవాలయాలు' అని రాయడం కనిపిస్తుంది. ఆ మాట సందర్శకుణ్ణి మొదటి అడుగులోనే తప్పుదారి పట్టిస్తుంది. దేవాలయమంటే గర్భగుడి, అందులో మూర్తి, మూర్తికి పూజ అనే ఊహ మనసులో స్థిరపడి ఉంటుంది. ఆ ఊహతో తొట్లకొండ ఎక్కిన విద్యార్థి "విగ్రహం ఎక్కడుంది?" అని అడుగుతాడు. అక్కడ ఉన్నవి స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, నీటి తొట్లు. అది సంఘం నివసించిన చోటు, అంటే సంఘారామం. శంకరం అన్న ఊరి పేరు కూడా 'సంఘారామం' అన్న మాటే కాలక్రమంలో మారగా ఏర్పడిందని పరిశోధకులు భావిస్తున్నారు. అదే విధంగా 'బుద్ధన్న' అన్నది 'బొజ్జన్న' అయిందంటారు. మతం కనుమరుగైన తరువాత కూడా దాని జాడ ఊరి పేరులో మిగలడం తెలుగునాట అరుదు కాదు. అయితే ఆ ఊరి పేరు వినగానే శైవమే స్ఫురిస్తుంది తప్ప బౌద్ధం గుర్తుకు రాదు.

ఈ ప్రాంతం ప్రాచీన కళింగంలో భాగం. కొండలు సముద్రానికి ఇంత దగ్గరగా వచ్చిన తీరం ఆంధ్రదేశంలో మరోచోట తక్కువ. కృష్ణా లోయలోని అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల వంటి స్థలాలు నదినీ మైదానాన్నీ ఆశ్రయించి పెరిగాయి. విశాఖ తీరపు ఆరామాలు మాత్రం జీవనది లేని కొండల మీద వెలిశాయి. యాత్రను రూపొందించేవారు మొదట గమనించవలసిన తేడా ఇదే.

తొట్లకొండ: నీటి లెక్క

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే సాగరతీర మార్గంలో సుమారు 15 కిలోమీటర్ల దూరాన, సముద్ర మట్టానికి దాదాపు 128 మీటర్ల ఎత్తున తొట్లకొండ ఉంది. 1976లో నౌకాస్థావరం కోసం జరిగిన విమాన సర్వేలో ఈ స్థలం బయటపడింది. 1988 - 1993 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, ఉద్దేశిక స్తూపాలు, చైత్యగృహాలు, రాతి స్తంభాల సభామండపం, 72 గదులు గల విహారాలు, వంటశాల, భోజనశాల వెలుగు చూశాయి. 12 బ్రాహ్మీ శాసనాలు, శాతవాహనుల తొమ్మిది నాణేలు, రోమన్ల అయిదు వెండి నాణేలు లభించాయి. తవ్వకాల ఆధారంగా ఈ ఆరామానికి క్రీ.పూ. 3వ శతాబ్ది నుంచి క్రీ.శ. 3వ శతాబ్ది వరకు కాలం నిర్ణయించారు. దాని ఆరంభం గురించి పండితుల్లో భేదాభిప్రాయాలు ఉన్నా, శాతవాహన యుగంలో అది వర్ధిల్లిందన్న విషయంలో సందేహం లేదు.

మార్గదర్శకులు సందర్శకులను నేరుగా మహాస్తూపం దగ్గరికి తీసుకువెళ్తారు. కొండకు పేరు తెచ్చినవి మాత్రం తొట్లు. రాతిలో తొలిచిన 11 తొట్లు వాన నీటిని నిలవ చేసేవి. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. గదికొక భిక్షువు చొప్పున 72 మంది ఉన్నారనీ, ఒక్కొక్కరు రోజుకు పది లీటర్ల నీరే వాడారనీ అనుకుందాం. రోజుకు 720 లీటర్లు కావాలి. ఈ తీరంలో వానలు జూన్‌లో మొదలై నవంబరు దాకా పడతాయి. మిగిలిన ఆరు నెలలకు, అంటే 180 రోజులకు, సుమారు 1,30,000 లీటర్లు నిలవ ఉండాలి. ఇది ఊహపై ఆధారపడిన లెక్కే. అయినా తొట్టి అంచున నిలబడి ఈ లెక్క వేసిన విద్యార్థికి ఆరామమంటే ధ్యానం చేసుకునే ఏకాంత స్థలం మాత్రమే కాదనీ, ముందుచూపుతో నడిచిన వ్యవస్థ అనీ తెలిసివస్తుంది. వానాకాలంలో భిక్షువులు ఒకేచోట ఉండాలన్న వర్షావాస నియమం, అదే కాలంలో తొట్లు నిండడం, ఈ రెండూ కలిసే చోటు ఇది.

వంటశాల కూడా ఇలాంటి ఆలోచననే రేపుతుంది. భిక్షాపాత్రతో ఊళ్ళు తిరిగి తెచ్చుకున్న అన్నంతోనే భిక్షువులు బతికారన్నది పాఠ్యపుస్తకాలు గీసిన చిత్రం. వంటకూ, నిలవకూ, సామూహిక భోజనానికీ వేర్వేరు కట్టడాలున్న చోట ఆ చిత్రం పూర్తిగా నిలవదు. ధాన్యం కొండ మీదికి చేరింది. దాన్ని ఎవరో పంపారు, ఎవరో మోశారు, ఎవరో లెక్క చూశారు. లార్స్ ఫోగెలిన్ తొట్లకొండ పరిసరాలను క్షేత్రస్థాయిలో సర్వే చేసి, 2006లో ప్రచురించిన గ్రంథంలో ఆరామాన్ని దాని చుట్టూ ఉన్న భూభాగంతో కలిపి చదవాలని చూపాడు. కొండమీది కట్టడాలకే పరిమితమైన పరిశోధనకు అది మంచి దిద్దుబాటు. వినయ నియమం ప్రకారం భిక్షువుల భోజనం మధ్యాహ్నానికి ముందే ముగియాలి. తొట్లకొండను ఉదయమే చూడాలనడానికి ఎండ ఒక కారణమైతే, ఆరామం దినచర్యలో అతి చురుకైన వేళ అదే కావడం మరో కారణం.

ఇక మహాస్తూపం విషయం. ప్రస్తుతం కనిపిస్తున్నది పునర్నిర్మాణం. 2019 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు అందులో కొంత భాగం కూలిపోయింది. తరువాత మళ్ళీ కట్టారు. ప్రాచీన నిర్మాణం ఎక్కడ ముగిసి ఆధునిక నిర్మాణం ఎక్కడ మొదలైందో స్థలం మీదనే చెప్పకపోతే విద్యార్థి నిన్నటి ఇటుకను శాతవాహనుల ఇటుకగా నోటు పుస్తకంలో రాసుకుంటాడు. సందర్శన పత్రంలో ఈ ఒక్క వాక్యం చేర్చడానికి ఖర్చేమీ కాదు.

బావికొండ, పావురాలకొండ

తొట్లకొండకు కొద్ది దూరంలోనే ఉన్న బావికొండలో 1982 - 87 మధ్య తవ్వకాలు జరిగాయి. పేరుకు కారణం అక్కడి బావులు. ఇక్కడ మహాచైత్యం నుంచి లభించిన పాత్రలో ఎముక ముక్క, బూడిద ఉన్నాయి. ఆ ఎముక బుద్ధునిదే కావచ్చునన్న మాట ప్రచారంలో ఉంది. చరిత్రకారుడు ఇక్కడ ఒక మెట్టు వెనక్కి వేయాలి. ఆ ధాతువు ఎవరిదో తేల్చడం కన్నా, అది ఎవరిదని ఆనాటి సంఘం నమ్మిందో ఆలోచించడమే ఫలవంతం. స్తూపాన్ని స్తూపంగా నిలిపింది ఆ నమ్మకమే. తొట్లకొండలో తొట్లను, వంటశాలను చూసి ఇక్కడికి వచ్చినవారికి ఆరామ జీవితంలోని రెండో పార్శ్వం ఈ పాత్రలో దొరుకుతుంది. కాబట్టి ఈ రెండు కొండలను విడదీయకూడదు.

భీమునిపట్నం దగ్గరి పావురాలకొండను స్థానికులు నరసింహస్వామి కొండ అని కూడా పిలుస్తారు. ఇక్కడా రాతిలో తొలిచిన 16 తొట్లు ఉన్నాయి. కొండ మీద నుంచి కనిపించే సముద్రం, గోస్తనీ ముఖద్వారం, డచ్చివారి కాలం నాటి రేవు పట్టణం చక్కని పాఠమే. అయితే ఒక్క రోజు వ్యవధిలో దీన్ని చేరిస్తే శంకరానికి మిగిలేది సాయంత్రపు గంట మాత్రమే. తీరపు ఆరామ వ్యవస్థ తీరు మొదటి రెండు కొండలతోనే తెలుస్తుంది గనుక, దీన్ని వదులుకోవడమే మేలు. ఒకరోజు యాత్రలో ఏది చూడకూడదో నిర్ణయించడమే కష్టమైన పని.

తీరం నుంచి లోపలికి

తీరపు కొండల నుంచి శంకరం వెళ్ళడానికి నగరం మధ్యగా పోనవసరం లేదు. ఆనందపురం, పెందుర్తి మీదుగా అనకాపల్లి చేరే జాతీయ రహదారి ఉంది. ఈ ప్రయాణంలో భూమి స్వభావం మారుతుంది. ఉప్పుగాలి, ఎర్రమట్టి దిబ్బలు వెనకబడి వరిమడులు, చెరకు తోటలు, చెరువులు మొదలవుతాయి. రోమన్ నాణెం దొరికిన కొండ నుంచి వ్యవసాయ మైదానం మధ్యనున్న కొండకు చేరుకోవడమిది. దాతల స్వరూపం కూడా ఇలాగే మారి ఉండాలన్న ఊహకు ఈ దారి చోటిస్తుంది. దాన్ని నిరూపించవలసినవి మాత్రం శాసనాలే.

అనకాపల్లికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న శంకరంలో రెండు గుట్టలున్నాయి. తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. 1907 - 08లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపాడు. ఆ తవ్వకాల్లో దొరికిన నాణేలు కాలాన్ని బాగా విశదం చేస్తాయి: శాతవాహనుల సీసపు నాణెం, సముద్రగుప్తుని బంగారు నాణెం, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణేలు. సముద్రగుప్తుని అలహాబాదు స్తంభ శాసనం దక్షిణాపథంలో ఓడిన రాజుల్లో దేవరాష్ట్రపు కుబేరుణ్ణి పేర్కొంది. ఆ దేవరాష్ట్రాన్ని ఎలమంచిలి ప్రాంతంగా పలువురు గుర్తించారు. శంకరం అక్కడికి దూరం కాదు. అయినా ఒక్క నాణెం పట్టుకుని దండయాత్ర దారి గీయడం తొందరపాటే. బంగారు నాణెం సైనికుని మొలలోనూ రావచ్చు, వర్తకుని మూటలోనూ రావచ్చు.

బొజ్జన్నకొండ ప్రధాన గుహలో నాలుగు వరుసలుగా 16 స్తంభాలున్నాయి. వాటిలో కొన్ని విరిగిపోయాయి. మధ్యలో రాతిలోనే తొలిచిన స్తూపం, దాని పైకప్పున ఛత్రం కనిపిస్తాయి. ద్వారానికి ఇరువైపులా నిలువెత్తు ద్వారపాలకులు, పైన ఆసీనుడైన బుద్ధుడు. ఉదయం నుంచి మూర్తి లేని స్తూపాలనే చూసిన కంటికి ఈ బుద్ధుడు నిజమైన మార్పుగా కనిపిస్తాడు. వరుసను తిరగవేసి శంకరంతో మొదలుపెడితే ఈ అనుభవం పోతుంది. అప్పుడు తొట్లకొండ శిల్పాలు పోగొట్టుకున్న శిథిలంగా తోస్తుంది. అక్కడ లేనిది పోయినది కాదు, అసలు అవసరం పడనిది. హీనయాన, మహాయాన, వజ్రయానాలు మూడూ శంకరంలో మెట్లుగా వచ్చాయని చెప్పే అలవాటు ఉంది. ఆ మూడు పేర్లను మూడు అంతస్తులుగా పేర్చడం కన్నా, ఏ కట్టడం ఏ ఆచారానికి అనువుగా ఉందో పరిశీలించడం విద్యార్థికి ఎక్కువ నేర్పుతుంది.

రక్షణ విషయంలో ఒక వైరుధ్యం ఉంది. శంకరం కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థ అధీనంలోనూ, తొట్లకొండ, బావికొండలు రాష్ట్ర శాఖ అధీనంలోనూ ఉన్నాయి. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో శంకరం అనకాపల్లి జిల్లాలో చేరింది. ఒకే చరిత్రకు చెందిన స్థలాలను ఇద్దరు సంరక్షకులు, రెండు జిల్లాలు పంచుకున్నందువల్ల, వాటిని కలిపి చెప్పే పని బోధకుడిదే అవుతున్నది.

బొజ్జన్నకొండ మీద జనానికి మరో జ్ఞాపకం కూడా ఉండేది. కనుమ నాడు చుట్టుపక్కల గ్రామాలవారు ఇక్కడ తీర్థానికి చేరి, కొండమీది ఒక ఆకృతిని రాక్షసుడిగా భావించి రాళ్ళు విసిరేవారు. వారసత్వ పరిరక్షకుల చొరవతో ఆ ఆచారాన్ని ఆపించారు. రాయి దెబ్బకు శిల్పం దెబ్బతింటుంది గనుక ఆపడం సబబే. కానీ ఆ ఆచారాన్ని అజ్ఞానమని తోసిపుచ్చితే చరిత్రకారుడు ఒక ఆధారాన్ని పోగొట్టుకుంటాడు. సంఘం పోయిన తరువాత శతాబ్దాల పాటు ఆ కొండ ఎవరికీ పట్టనిదిగా లేదు. ఏటా ఒక రోజు ఊరంతా అక్కడికి ఎక్కింది. కొండ దిగువన హారీతి ప్రతిమ ఉండడం, లింగాలకొండ మీది ఏకశిలా స్తూపాలను జనం లింగాలుగా పిలవడం ఇదే కోవలోకి వస్తాయి.

లింగాలకొండకు సాధారణంగా ఎవరూ సమయం ఇవ్వరు. బొజ్జన్నకొండ గుహలు చూసి, ఛాయాచిత్రాలు తీసుకుని వాహనం ఎక్కేస్తారు. పావురాలకొండను వదులుకోవడం వల్ల మిగిలిన గంటను ఇక్కడే వాడాలి. గుట్ట పొడవునా వరుసలు వరుసలుగా చెక్కిన స్తూపాల్లో చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయి. విద్యార్థుల బృందానికి ఒక్కో వరుస అప్పగించి, ఏ స్తూపం పూర్తిగా చెక్కినదో, ఏది సగంలో ఆగిందో, దేనికి పీఠం ఉందో రాసుకోమని చెబితే చాలు. ఉదయం తొట్టి దగ్గర వేసిన నీటి లెక్క పక్కనే ఆ పట్టికను ఉంచుకుని తిరుగు ప్రయాణంలో చర్చించవచ్చు.