సంచి పట్టుకునే మనిషి

మా ఇంట్లో ఫోటోలు దాచిన రేకుపెట్టెలో ఆరు సెంటీమీటర్ల చదరంలో ఒక నలుపు తెలుపు ఫోటో ఉంది. పెద్ద చక్రం ముందు నేనూ తమ్ముడూ ఎండకి కళ్ళు చికిలించుకుని నిలబడ్డాం. మా కాళ్ళ ముందు నేల మీద రెండు నీడలు పడ్డాయి. మోచేతులు విరిచి ముందుకి వంగిన నీడ నాన్నది. దాని పక్కన నిటారుగా ఉన్న నీడకి చేతి దగ్గర సున్నాలాంటి ఖాళీ ఒకటి కనిపిస్తుంది. అది వైరు బుట్ట పిడి. ఆ నీడ అమ్మది.

1985 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఢిల్లీ అప్పూఘర్‌లో తీసిన ఫోటో అది. రోలుకి పన్నెండు ఫోటోలు. అమ్మ మొహం కనిపించేది ఒక్కదాంట్లోనే. మిగతా పదకొండు తీసేటప్పుడూ ఆవిడ నాన్న పక్కనే ఉంది, బుట్ట పట్టుకుని. కెమెరా బుట్టలోంచి రావాలి, మళ్ళీ బుట్టలోకే పోవాలి. అందుకని బుట్ట మోసే మనిషి ఎప్పుడూ కెమెరాకి ఇవతలే ఉండిపోతుంది. పిల్లల్ని అలాంటి పార్కుకి తీసుకెళ్తున్నాం, కెమెరాకి ఎలాంటి సంచి కొనమంటారు అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ నీడే గుర్తొస్తుంది. ఎన్ని అరలున్నాయి, వానకి తడుస్తుందా అన్నవి తర్వాత. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చునేది ఎవరు? ముందు అది తేల్చుకోవాలి.

అప్పు 1982 ఆసియా క్రీడల గుర్తుగా పెట్టిన ఏనుగు పిల్ల. దాని పేరు మీదే ప్రగతి మైదాన్‌లో పదిహేను ఎకరాల స్థలంలో, దేశంలోనే మొదటిదని చెప్పుకునే అమ్యూజ్‌మెంట్ పార్కు కట్టారు. 1984 నవంబరు 19న రాజీవ్ గాంధీ ప్రారంభించారు. అది ఇందిరా గాంధీ పుట్టినరోజు. ఆవిడ హత్య జరిగి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. ఆ హత్య తర్వాత సిక్కుల ఇళ్ళకి పెట్టిన మంటల మసి ఊళ్ళో గోడల మీద ఇంకా ఉంది. అలాంటి చలికాలంలో తెరిచారు ఆ పార్కుని. పిల్లల్ని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళి నవ్వించాలని ఆ నెలల్లో పెద్దవాళ్ళు ఎంత తహతహలాడారో ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాకు తెలిసిందల్లా ఊగే ఓడ కొలంబస్, పెద్ద చక్రం.

మేం సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న యూడీసీ, అంటే అప్పర్ డివిజన్ క్లర్కు. తణుకు దగ్గర పల్లె నుంచి ఉద్యోగం కోసం వచ్చారు. కెమెరా ఆగ్ఫా క్లిక్ 3, బరోడాలో తయారైంది. నూట ఇరవై సైజు రోలు పడుతుంది. వెనకాల ఎర్రటి చిన్న కిటికీలోంచి అంకె చూసుకుంటూ తిప్పుకోవాలి. శనివారం రాత్రి భోజనాలయ్యాక దాన్ని ఏ సంచిలో పెట్టాలన్న చర్చ మొదలైంది.

“తోలు కేసుంది కదండీ, భుజాన తగిలించుకోండి” అంది అమ్మ.

“ఆ జనంలో పట్టీ తెంపుకుపోయినా తెలీదు” అన్నారు నాన్న.

ఇంట్లో ఒక రెక్సిన్ ఎయిర్ బ్యాగు ఉంది, జిప్పు పళ్ళు ఊడిపోయాయి. ఒక ఖాదీ జోలె ఉంది, అందులో ఏం పెట్టినా అడుక్కి జారి మోకాలికి కొట్టుకుంటుంది. మిగిలింది అమ్మ అల్లిన వైరు బుట్ట. ఆ రోజుల్లో మా క్వార్టర్లలో తెలుగు, తమిళ ఆడవాళ్ళంతా మధ్యాహ్నాలు ప్లాస్టిక్ వైరు కట్టలు ముందేసుకుని బుట్టలు అల్లేవారు. ఇది ఆకుపచ్చా తెలుపూ కలిపి అల్లింది, ముడి పక్కన ముడి, లాగినా సాగదు. అడుగు పలకలా చదునుగా ఉంటుంది కాబట్టి పులిహోర క్యారేజీ, మంచినీళ్ళ మరచెంబు ఒరిగిపోకుండా నిలబడతాయి. వాటి మధ్య టర్కీ టవల్లో చుట్టిన కెమెరా. అడుగు చదునుగా ఉండటం వల్లే ఆ బుట్టని ఎంచుకున్నారు. బుట్టతో పాటు అది మోసే మనిషిని కూడా ఎంచుకున్నట్టయిందని ఆ రాత్రి ఎవరికీ తట్టలేదు.

తోలు కేసు సంగతి కూడా చెప్పాలి. కెమెరా ఆకారానికి తగ్గట్టు కుట్టి ఉంటుంది, ముందు లెన్సు కోసం ముక్కులా పొడుచుకొచ్చి. చిటిక బొత్తాం లాగి పైమూత వెనక్కి తీస్తే అది కింద నాలుకలా వేలాడుతుంది. రోలు మార్చాలంటే అడుగున మర విప్పి కెమెరా మొత్తం బయటికి తియ్యాలి. నాన్న టవలు విప్పి, బొత్తాం లాగి, మూత పక్కకి పట్టుకుని, ఎండ బొమ్మా మబ్బు బొమ్మా చూసుకుని మీట జరిపేలోపు తమ్ముడి నవ్వు వెళ్ళిపోయేది. ఎండ మాత్రం ఫోటో తీసేవాళ్ళ వీపు మీదే పడాలి. అలా నిలబడబట్టే ఆ రెండు నీడలూ ఫోటోలోకి వచ్చాయి. ఆ నియమమే లేకపోతే అమ్మ అక్కడ ఉన్నట్టు చెప్పే ఆనవాలే ఉండేది కాదు.

సంచి లేకుండా కెమెరా విహారానికి వెళ్ళిన రోజులు లేనే లేవు. 1888లో ఈస్ట్‌మన్ మొదటి కొడాక్ అమ్మినప్పుడు పాతిక డాలర్ల ధరలోనే భుజానికి తగిలించుకునే తోలు కేసు కూడా ఇచ్చాడు. నూరు ఫోటోలకి సరిపడా ఫిల్ము లోపలే ఉంటుంది, అయ్యాక కెమెరాని రోచెస్టర్‌కి పంపిస్తే కడిగి మళ్ళీ నింపి ఇస్తారు. దారిలో విప్పే పని లేదు కాబట్టి ఆ కేసు నిజంగానే సుఖం. మామూలు మనిషి కెమెరా పట్టుకుని ఊళ్ళు తిరగడం అక్కడే మొదలైంది. వినోద పార్కుల్లోకీ కెమెరా అలాగే చేరింది: 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచిననాడే లోపల కొడాక్ దుకాణం ఉంది.

పెద్ద కెమెరాల సంగతి వేరు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ 1903 ఢిల్లీ దర్బారు ఫోటోలు తీశారు. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఆయన. గాజు పలకలు, చెక్క కెమెరాలు, ముక్కాలి స్టాండ్లు అన్నీ పెట్టెలకెత్తించాలి. ఒక్కో పెట్టెకీ మోసే మనిషి ఉండాలి. దర్బారు ఫోటోల్లో ఏనుగుల మీద రాజులు కనిపిస్తారు. ఆ పలకలు పగలకుండా అంత దూరం మోసినవాళ్ళు కనిపించరు. మా అమ్మ నీడ చూసినప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తొస్తారు. నలభై ఏళ్ళు తిరిగేసరికి ఇదే ఢిల్లీలో హోమాయ్ వ్యారావాలా చీర కట్టుకుని, సైకిలు మీద తన కెమెరాల బరువు తానే మోసుకుంటూ పనికి వెళ్ళింది. మన దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ ఆవిడ. తన సంచి మోసిందీ తనే, ఫోటో తీసిందీ తనే. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర ఉండటం ఎంత పెద్ద విషయమో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

1985 మే 10న ఢిల్లీ బస్సుల్లో, బజార్లలో ట్రాన్సిస్టర్ రేడియోల్లో దాచిన బాంబులు పేలాయి. పదులకొద్దీ జనం పోయారు. ఆ రోజు నుంచి ఈ ఊళ్ళో సంచి అన్న మాటకే అర్థం మారిపోయింది. సీటు కింద చూసుకోండి, యజమాని లేని వస్తువు ముట్టుకోకండి అని బస్సుల్లో రాశారు, సినిమా హాళ్ళలో చెప్పారు. యజమాని లేని వస్తువుని లావారిస్ అనే హిందీ మాట మాకు అప్పుడే వచ్చింది. ఆ ఏడు చలికాలంలో ఒకచోట గేటు దగ్గర అమ్మ వైరు బుట్ట మొత్తం విప్పాల్సొచ్చింది. క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే తీసి చూపించింది, మరచెంబు మూత తిప్పి నీళ్ళు చూపించింది. టవల్లోంచి కెమెరా రాగానే కాపలా అతను అది కెమెరానే అని నొక్కి చూపించమన్నాడు. నాన్న నొక్కారు. పన్నెండులో ఒకటి అలా ఖర్చయిపోయింది. కడిగించాక చూస్తే అతని బెల్టు, ఒక చెయ్యి, పక్కన సగం బుట్ట. నాన్న దాన్ని పారెయ్యబోతే అమ్మ తీసి దాచింది.

ఆ తర్వాత కెమెరాలు చిన్నవయ్యాయి. హాట్ షాట్ వచ్చింది, యాషికా ఎంఎఫ్ 2 వచ్చింది, ముప్ఫై ఆరు ఫోటోల కలరు రోళ్ళు వచ్చాయి. నడుముకి కట్టుకునే పౌచిలో కెమెరా ఇమిడిపోయేది. నన్నడిగితే విహారాలకి అవే మంచి రోజులు. ఎవరి నడుముకి ఉన్న కెమెరా వాళ్ళతోనే చక్రం ఎక్కేది. మా ఆల్బమ్‌లో అమ్మ మొహం ఎక్కువగా కనిపించేది ఆ కొద్ది ఏళ్ళలోనే.

డిజిటల్ వచ్చాక మళ్ళీ బరువెక్కింది. 2009లో చాందినీ చౌక్ కూచా చౌధరిలో నికాన్ డి 90 కొన్నాను. బాడీ 620 గ్రాములు, దానితో వచ్చిన లెన్సు 420. దుకాణంలో ఒక నల్లసంచి ఊరికే ఇచ్చారు, పైన కంపెనీ పేరు పెద్ద పసుపు అక్షరాల్లో. లోపల ఇంకో రెండు లెన్సులకి చోటుంది. చోటుంటే నింపకుండా ఉండలేం. ఫ్లాషు, చార్జరు, పిల్లల బిస్కెట్లు అన్నీ అందులోకే చేరాయి. అంతకు నాలుగేళ్ళ ముందు, 2005లో దీపావళికి మూడు రోజుల ముందు మా సరోజినీ నగర్ బజారులోనే బాంబు పేలింది. నేను గాజులు కొనుక్కున్న వీధి అది. అప్పటినుంచి ఊళ్ళో ఏ గుమ్మం దగ్గరైనా సంచి తెరవాల్సిందే. మెట్రోలో ఎక్స్‌రే యంత్రంలో పెట్టాల్సిందే. తెరవమన్నవాళ్ళ మీద నాకు కోపం రాదు. కానీ ఐదు జిప్పులున్న సంచి అలా తెరిచి చూపించి మళ్ళీ సర్దుకునేసరికి పిల్లల వరస ముందుకి వెళ్ళిపోతుంది.

ఆ సంచితోనే నోయిడాలో ఒక పార్కుకి వెళ్ళాం. లాకరులో పెడదామంటే కెమెరా మీద బెంగ. మెడలో వేసుకుంటే రైడు ఎక్కనివ్వరు, అది సబబే కూడా. మా ఆయనా పిల్లలూ మెట్లెక్కి వెళ్ళారు. నేను సిమెంటు గట్టు మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండో రైడుకీ, మూడో రైడుకీ అంతే. ఎండ మారితే గట్టు మార్చాను. ఏ గట్టు మీద చూసినా ఒక ఆడమనిషి, లేదంటే ఒక తాతగారు, ఒళ్ళో నాలుగు సంచులు. పైనుంచి కేకలు వినిపిస్తుంటే వీళ్ళు తలెత్తి తమవాళ్ళ గొంతు వెతుక్కుంటున్నారు. అప్పూఘర్‌లో అమ్మ ఎలా కూర్చుందో నేను ఆ రోజు దాకా ఊహించుకోలేదు.

సంచి నేనే కుట్టించుకోవాలని ఆ రోజే అనుకున్నాను. ఢిల్లీలో బ్యాగుల పని పహాడ్‌గంజ్ పక్కన నబీ కరీంలో జరుగుతుంది. ఇరుకు గల్లీలు, మేడ మీద మేడలో కుట్టుమిషన్లు, గుమ్మాల ముందు ఫోము పలకలు, జిప్పు చుట్టలు, నవారు కట్టలు. ఒక కారిగర్ నేను చెప్పింది విని అట్టముక్క మీద గీశాడు. నాలుగు వేళ్ళంత మందం, అంతకన్నా ఉండొద్దన్నాను. ఒకే అర, ఒకే జిప్పు, అది ఒంటి వైపు తెరుచుకోవాలి. లోపలి గుడ్డ లేత రంగుది కావాలి, ఎందుకంటే మే నెల ఆంధీ గాలుల్లో పడ్డ దుమ్ము నల్లగుడ్డ మీద కనపడదు, తెల్లారి లెన్సు మీద కనిపిస్తుంది. రెండంగుళాల నవారు పట్టీ, ఛాతీకి అడ్డంగా. పేరూ ఊరూ ఏమీ రాయొద్దు. అతను నవ్వి, ఇందులో ఇంకేం పట్టదు బెహన్‌జీ అన్నాడు. పట్టకూడదనే నా ఉద్దేశం. ఇంగ్లండులో బిల్లింగ్‌హామ్‌వాళ్ళు చేపలవాళ్ళకని కుట్టిన సంచుల్ని 1970లలో న్యూయార్కు ఫోటోగ్రాఫర్లు కొనుక్కోవడం మొదలుపెట్టారట. ఆ తర్వాతే వాళ్ళు కెమెరా సంచులవైపు తిరిగారు. మా వైరు బుట్టా అంతే, కూరగాయల కోసం పుట్టింది. కెమెరాకి అచ్చంగా కెమెరా సంచే ఉండాలని లేదు.

పెద్ద రైడులకి ఇదీ లాకరులోకి వెళ్ళాల్సిందే. కానీ ఇందులో ఉన్నది ఒక చిన్న కెమెరా, ఒక లెన్సు, ఒక గుడ్డముక్క. అంతమాత్రాన్ని తాళం వేసి వదిలేసి నిశ్చింతగా వెళ్ళగలుగుతున్నాను.

అప్పూఘర్ 2008 ఫిబ్రవరిలో మూసేశారు. ఆ నేల మీద సుప్రీంకోర్టు అదనపు భవనాలు లేచాయి, 2019 జులైలో ప్రారంభమయ్యాయి. పక్కనున్న ప్రగతి మైదాన్ మెట్రో స్టేషను పేరు కూడా ఇప్పుడు సుప్రీంకోర్టే. మొన్న చలికాలంలో అమ్మ తణుకు నుంచి వచ్చింది. డెబ్భై తొమ్మిదేళ్ళు. మథురా రోడ్డు మీద ఆటోలో వెళ్తూ, పెద్ద చక్రం ఎక్కడుండేదే అని అడిగింది. ఆ గోడల వైపు చూపించాను. కోర్టు ఆవరణలోని హై సెక్యూరిటీ జోనులో ఫోటోలు తీయకూడదని 2025 సెప్టెంబరు నుంచి ఆంక్ష ఉంది. బయట రోడ్డు మీదైనా నాకు కెమెరా తియ్యబుద్ధి కాలేదు. సిగ్నలు పడింది, ఆటో ఆగింది. అమ్మ ఆ గోడల వైపే చూస్తూ నా ఛాతీ మీది పట్టీ పట్టుకుని లాగింది.

“ఇటివ్వవే, నీకు అడ్డం” అంది.

వద్దన్నా వినలేదు. ఆటో కదిలేసరికి సంచి ఆవిడ ఒళ్ళో ఉంది. నవారు పట్టీని మణికట్టుకి రెండు చుట్లు తిప్పి పట్టుకుంది.