కీర్తనకూ గిటారుకూ మధ్య: ఒక పాత తగువు పుట్టుపూర్వోత్తరాలు

ఆదివారం మధ్యాహ్నం చికాగో పక్కనున్న షామ్‌బర్గ్ చుట్టుపక్కల ఒక అమెరికన్ చర్చి తలుపులు రెండోసారి తెరుచుకుంటాయి. పొద్దుటి ఇంగ్లీషు ఆరాధన ముగిసింది. ఇప్పుడు ఆ భవనాన్ని అద్దెకు తీసుకున్న తెలుగు సంఘం లోపలికి వస్తుంది. ముందు వరసల్లో పెద్దలు కూర్చుంటారు, చేతుల్లో అట్టలు అరిగిపోయిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు. వేదిక మీద పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లలు. ఒకరు గిటారు శ్రుతి చేస్తుంటారు, ఒకరు కీబోర్డు ముందు, ఒకరు డ్రమ్స్ వెనక. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర అసలు మాట బయటికి వస్తుంది. "ఇది ఆరాధనా, కచేరీనా అయ్యగారూ?" అంటారు ఒక పెద్దాయన. "ఆ కీర్తనలో సగం మాటలు మాకు అర్థం కావు అంకుల్" అంటాడు ఒక కుర్రాడు. ఇద్దరి మధ్యా పాస్టరుగారు నలిగిపోతారు.

ఇలాంటి సంభాషణ విన్న ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది. ఇద్దరూ దేవుణ్ణి ప్రేమించేవాళ్లే, ఇద్దరూ పాటను ప్రేమించేవాళ్లే. ఈ తగువు అమెరికాలో పెరిగిన మన పిల్లలతో మొదలైందని పెద్దలు అనుకుంటారు. పెద్దల మొండితనంతో మొదలైందని పిల్లలు అనుకుంటారు. నిజానికి దీని వయసు ఇద్దరికీ తెలిసిన దానికన్నా చాలా ఎక్కువ. అది ఎక్కడ పుట్టి, ఎలా నడిచి మన దాకా వచ్చిందో తెలిస్తే కొంత కోపమైనా చల్లారుతుంది.

ఆర్గన్‌కూ తప్పని తిప్పలు

చర్చి వాద్యం అనగానే ఎవరికైనా ఆర్గనే గుర్తొస్తుంది. కానీ తొలి శతాబ్దాల క్రైస్తవుల ఆరాధనలో ఉన్నది గొంతు ఒక్కటే. వాద్యాలను నాటకశాలలకూ అన్యదేవతల ఉత్సవాలకూ చెందినవిగా ఎంచి, నాలుగో శతాబ్దపు సంఘ పితరులు వాటిని దూరం పెట్టారు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో చాలావాటిలో ఇప్పటికీ వాద్యం మోగదు. వాద్యం లేని గానాన్ని 'అకపెల్లా' అంటాం కదా, ఆ ఇటాలియన్ మాటకు 'చాపెల్ పద్ధతిలో' అని అర్థం.

ఆర్గన్ రోమన్ల కాలంలో వినోదశాలల్లో మోగిన వాద్యం. 757లో బైజాంటియమ్ చక్రవర్తి ఐదో కాన్‌స్టంటైన్ ఫ్రాంకుల రాజు పెపిన్‌కు ఒక ఆర్గన్‌ను కానుకగా పంపాడు. అలా రాజసభకు చేరిన వాద్యం ఆ తర్వాతి శతాబ్దాల్లో మెల్లగా గుళ్లలోకి నడిచింది. అక్కడ కుదురుకున్నాక కూడా దానికి గండాలు తప్పలేదు. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ జర్మన్ భాషలో పాటలు కట్టి సామాన్యుల నోటికి అందించాడు. అదే కాలంలో జ్యూరిక్‌లో ఉల్రిక్ జ్వింగ్లీ ఆరాధనలో సంగీతమే వద్దన్నాడు. ఆయన ఎన్నో వాద్యాలు వాయించగల మనిషి. అయినా 1527లో అక్కడి ప్రధాన దేవాలయంలో ఆర్గన్‌ను తొలగించారు. కాథలిక్కుల వైపు చూస్తే, 1903లో పదో పయస్ పోపు పియానోనూ డ్రమ్ములనూ గుడిలో వాయించకూడదని ఆజ్ఞ జారీ చేశాడు.

మూడు వందల ఏళ్ల కిందటి యూత్

ఇంగ్లండులో ప్యూరిటన్ సంప్రదాయపు సంఘాలు బైబిల్లోని దావీదు కీర్తనలను పద్యాలుగా మార్చి పాడేవి. మనిషి సొంతంగా కట్టిన పాటకు అక్కడ చోటు లేదు. ఐజాక్ వాట్స్ అనే యువకుడు ఆ పాటల నీరసం గురించి తండ్రి దగ్గర గొణిగాడనీ, "అయితే నువ్వే మంచివి రాయి" అని ఆయన అన్నాడనీ చెబుతారు. వాట్స్ పాటల సంపుటి 1707లో అచ్చయింది. మనుషుల రచన అంటూ దాన్ని తోసిపుచ్చిన సంఘాలు చాలా ఉన్నాయి. ఈ రోజు ఆ పాటలే 'పాత పాటలు' అయ్యాయి.

అమెరికాలో ఇంకా స్పష్టమైన సాక్ష్యం ఉంది. న్యూ ఇంగ్లండ్ గుళ్లలో ఒక పెద్ద ముందుగా ఒక్కో పాదం చదివితే సభ అంతా దాన్ని అందుకునేది. చదువు తక్కువైన మన పల్లె సంఘాల్లోనూ ఒకరు చెబితే అందరూ అందుకునే పద్ధతి నడిచింది. 1720 ప్రాంతంలో న్యూ ఇంగ్లండ్‌లోని కొందరు పాస్టర్లు యువతీయువకులకు స్వరలిపి చూసి పాడడం నేర్పించారు. వెంటనే ఊళ్లలో రభస మొదలైంది. ఆనాటి అభ్యంతరాలను థామస్ సిమ్స్ అనే పాస్టర్ 1723లో ఒక పుస్తకంలో వరసగా పెట్టి ఒక్కొక్కదానికీ జవాబు రాశాడు. ఆ అభ్యంతరాలు ఇవి: ఇది కొత్త పద్ధతి, పాతదే మంచిది. ఇలాగే వదిలేస్తే రేపు వాద్యాలు కూడా వస్తాయి. ప్రాక్టీసు పేరుతో రాత్రిళ్లు బయట తిరుగుతున్నారు. దీని వెనక పడేవాళ్లంతా నిన్నగాక మొన్న పుట్టిన కుర్రాళ్లు. ఆ జాబితా చదువుతుంటే మన భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాసినట్టే ఉంటుంది. ఆ రోజు తప్పుపట్టినది గిటారును కాదు, స్వరలిపిని. ఈ రోజు ఏ పాత పద్ధతి క్వయర్ చేతిలో చూసినా ఉండేది అదే.

గుంటూరు వైపు

1842 జూలై 31న లూథరన్ మిషనరీ జాన్ హైయర్ గుంటూరు చేరారు. అదే ఏడాది పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ హార్మోనియానికి పేటెంటు తీసుకున్నాడు. ఐదేళ్లకు, 1847లో, ఇక్కడ షామ్‌బర్గ్ పొలాల్లో స్థిరపడిన జర్మన్ రైతులు సెయింట్ పీటర్ లూథరన్ సంఘాన్ని స్థాపించుకున్నారు. ఈ మూడింటికీ పరస్పర సంబంధం లేదు. కానీ మన కథలో మూడూ కలుస్తాయి.

మిషనరీలు తమ పాటలను తమ వరుసల్లోనే తెలుగులోకి తెచ్చారు. ఇంగ్లీషు వరుసకు తెలుగు మాట అతికించేసరికి దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వం, హ్రస్వం ఉండాల్సిన చోట సాగదీత వచ్చేవి. ఈ ఇబ్బందికి సిసలైన పరిష్కారం పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనల్లో దొరికింది. ఆయన పల్లవి, అనుపల్లవి, చరణాలతో, మన రాగతాళాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆలోచించండి: గుడికి పాశ్చాత్య వరుసే తగినదనుకున్న రోజుల్లో, ఇరుగుపొరుగు భజనల్లో వినిపించే రాగాలనే తెచ్చి క్రీస్తుకు కీర్తన కట్టడం ఎంత కొత్త సంగతి! మనం 'సంప్రదాయం' అంటున్న కీర్తన తన కాలంలో సమకాలీన సంగీతమే.

హార్మోనియం సంగతీ అంతే. అది యూరప్‌లో కాళ్లతో తొక్కి వాయించే పెట్టె. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో గాలి కొట్టి వాయించేలా మార్చాడు. మన గమకాలకు పనికిరాదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. ఆ నిషేధం దాదాపు 30 ఏళ్లు నడిచింది. అదే వాద్యం ఈ రోజు మన పెద్దలకు ఊరి గుడిని గుర్తుచేసి కళ్లు చెమర్చేలా చేస్తుంది.

20వ శతాబ్దంలో మరో మలుపు. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, క్రైస్తవుడైన భక్త సింగ్ (1903–2000) హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా సహవాసాలు నిర్మించారు. అక్కడ చాపల మీద కూర్చుని, డోలకు వాయిస్తూ, చప్పట్లు కొడుతూ సీయోను గీతాలు పాడారు. బల్లలూ ఆర్గనూ అలవాటైన సంఘాలకు ఆ రోజుల్లో ఇదీ కొత్తే.

చికాగో వీధుల్లోంచి

షామ్‌బర్గ్‌లో ఉంటున్న మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ప్రపంచ చర్చి సంగీతాన్ని పదేపదే కుదిపిన నగరం మన పక్కనే ఉన్న చికాగో. ఇక్కడి సువార్తికుడు డి.ఎల్. మూడీతో కలిసి గాయకుడు ఐరా సాంకీ 1873లో బ్రిటన్ వెళ్లాడు. స్కాట్లండులో ఆర్గన్ లేకుండా దావీదు కీర్తనలు మాత్రమే పాడే సంఘాల మధ్య తన చిన్న ఆర్గన్ పెట్టుకుని సరళమైన పాటలు పాడాడు. ముందు ముఖం చిట్లించినవాళ్లే తర్వాత వేలల్లో వచ్చి పాడారు. ఆ తరహా పాటల వరుసలు మిషనరీల వెంట మన తెలుగు పాటల పుస్తకాల్లోకీ నడిచొచ్చాయి.

థామస్ డోర్సీ (1899–1993) 'మా రైనీ' అనే గాయనికి పియానో వాయించిన బ్లూస్ సంగీతకారుడు. 1930ల మొదట్లో అదే బ్లూస్ లయలో దేవుని పాటలు కట్టి చికాగో నల్లజాతి చర్చిలకు తెచ్చాడు. క్లబ్బుల సంగీతం గుడిలోనా అని చాలాచోట్ల గెంటేశారు. 1932లో భార్య ప్రసవంలో చనిపోయింది, పుట్టిన బిడ్డా దక్కలేదు. ఆ దుఃఖంలో దేవుణ్ణి చెయ్యి పట్టుకోమని వేడుతూ ఆయన కట్టిన పాట మార్టిన్ లూథర్ కింగ్‌కు ప్రాణం. 1968లో కింగ్ అంత్యక్రియల్లో గాయని మహేలియా జాక్సన్ దాన్నే పాడింది. ఒకప్పుడు గెంటించుకున్న డోర్సీని ఈ రోజు గాస్పెల్ సంగీత పితామహుడంటారు.

గొట్టాలతో పనిలేని విద్యుత్ ఆర్గన్‌ను లారెన్స్ హామండ్ 1935లో చికాగోలోనే అమ్మకానికి పెట్టాడు. అది అసలు ఆర్గన్‌కు సాటిరాదన్న వివాదం ప్రభుత్వం దాకా వెళ్లింది. చికాగో విశ్వవిద్యాలయం చాపెల్‌లో రెండింటినీ ఎదురెదురుగా వాయించి చూస్తే, సంగీతం తెలిసినవాళ్లు కూడా చాలాసార్లు పోల్చలేకపోయారు. ఖరీదైన గొట్టాల ఆర్గన్ కొనలేని పేద సంఘాలు ఎన్నిటికో హామండే గొంతు అయింది.

పాలటైన్ సినిమా హాల్లో

ఇక మన పిల్లల గిటారు, డ్రమ్స్. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో హిప్పీ యువకులు క్రీస్తు వైపు తిరిగి, తమకు తెలిసిన రాక్ సంగీతంలోనే ఆరాధించడం మొదలుపెట్టారు. ఆ గాలి ఇక్కడికీ వీచింది. 1970ల మొదట్లో పార్క్ రిడ్జ్‌లోని ఒక చర్చిలో బిల్ హైబెల్స్, డేవ్ హోమ్‌బో యువతకోసం బ్యాండ్‌తో, నాటికలతో కూటాలు నడిపారు. వాళ్లే 1975 అక్టోబరు 12న పాలటైన్‌లో విల్లో క్రీక్ అనే సినిమా హాలు అద్దెకు తీసుకుని కొత్త సంఘం ప్రారంభించారు. ఖర్చుల కోసం ఆ కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి టమాటాలు అమ్మారు. ఆ సంఘం తర్వాత సౌత్ బారింగ్టన్‌లో సొంత ప్రాంగణం కట్టుకుని అమెరికాలో అతిపెద్ద సంఘాల్లో ఒకటైంది. వేదిక, బ్యాండ్, తెర మీద పాట మాటలు అనే నమూనా దేశమంతా పాకడంలో దాని పాత్ర పెద్దది. అంటే మన పిల్లలు వాయిస్తున్న తీరుకు ఒక వేరు షామ్‌బర్గ్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది.

దాని రెండో వైపు కూడా చెప్పాలి. కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నంత మాత్రాన మనుషులు దేవుని ప్రేమలో ఎదగడం లేదని, తమ సొంత సర్వేలో తేలిందని 2007లో ఆ సంఘమే ప్రకటించింది. జనం నిండడం ఒకటి, ఎదగడం ఇంకొకటి. పెద్దల భయంలో ఉన్న నిజం ఇదే.

మన ముందున్న పని

ఈ చరిత్రంతా చూశాక నాకు ఒక కొలత కనిపిస్తుంది. ఏ వాద్యమైనా, ఏ వరుసైనా చివరికి నిలబడింది సభ నోరు తెరిపించినప్పుడే. లూథర్, వాట్స్, చౌదరి, డోర్సీ అందరూ చేసింది ఆ పనే. కాబట్టి పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న "ఎందుకు వాయిస్తున్నావు?" అని కాదు. "నీ వెనక అమ్మమ్మ పాడగలుగుతోందా?" అని అడగాలి. పక్కవాడి గొంతు వినపడనంత శబ్దం, సభకు అందనంత పై శ్రుతి, ఎవరికీ తెలియని కొత్త పాటలే వరసగా నాలుగు: ఇవి సభ నోరు మూయిస్తాయి. అలాగే అర్థం చెప్పకుండా, రాగం నేర్పకుండా నంబరు మాత్రం ప్రకటించే కీర్తన పిల్లల నోరు మూయిస్తుంది.

మనకు ఇంకో చిక్కుంది. ఇక్కడ పాటతోబాటు భాష కూడా పోతోంది. సెయింట్ పీటర్ సంఘం 1863లో కట్టుకున్న పాత గుడి షామ్‌బర్గ్‌లో ఇంకా నిలిచే ఉంది. ఈ దేశంలో అలాంటి జర్మన్ లూథరన్ గుళ్లు చాలావరకు 20వ శతాబ్దంలో ఇంగ్లీషుకు మారాయి. లూథర్ వరుసలు మాత్రం మిగిలాయి, పిల్లలకు వాటిని నేర్పారు కాబట్టి.

మన కీర్తన గిటారు మీద కుదరదని పిల్లలు అంటే అది సాకు కాదు. రాగంలో స్వరం ఊగుతుంది. దాని కింద మీటే గిటారు కార్డు (కలిసి మోగే స్వరాలు) కదలకుండా నిలబడుతుంది. త్రిపుట తాళంలో ఏడు దెబ్బలుంటే, కీబోర్డు లూపు నాలుగు లెక్కనే నడుస్తుంది. ఇది చెవితో, పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన విద్య. నేర్పగల పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు.

అందుకే పెద్దలకు నా మనవి: శనివారం ప్రాక్టీసుకు వెళ్లండి. తప్పులు పట్టడానికి వద్దు, తాళం వేసి చూపించడానికి వెళ్లండి. పిల్లలకు నా మనవి: నెలకు ఒక్క కీర్తన, దాని అర్థంతో, రాగంతో నేర్చుకోండి. తెలుగు లిపి రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి, పరవాలేదు. సంఘాలకు మనవి: ప్రతి ఆదివారం ఒక పాత కీర్తన పిల్లలు వాయించాలి, ఒక కొత్త పాట పెద్దలు నేర్చుకోవాలి. ఈ నియమం పెట్టుకున్న సంఘంలో, ఇరవై ఏళ్ల తర్వాత కూడా షామ్‌బర్గ్‌లో తెలుగు కీర్తన వినపడుతుంది.