320 ఆజ్ఞలలో త్రికోణమితి

ఒక కోణముయొక్క సైను విలువ కావలెనన్న, 1970 ప్రాంతమువరకు విద్యార్థి గణిత పట్టికల పుస్తకమునో, స్లైడు రూలునో ఆశ్రయింపవలసి యుండెను. 1972లో అమెరికాయందు హ్యూలెట్-పాకర్డ్ సంస్థ హెచ్.పి.-35 అను జేబు గణకయంత్రమును వెలువరించినది. మీట నొక్కినంతనే అది సైనును, సంవర్గమానమును చూపెడిది. కాని దాని వెల 395 డాలర్లు. సామాన్య విద్యార్థి కది అందని పండు.

1974లో ఇంగ్లండునందు క్లైవ్ సింక్లెయిర్ ‘సింక్లెయిర్ సైంటిఫిక్’ అను యంత్రమును 49.95 పౌనులకే అమ్మజూపెను. ఇంత చౌక యెట్లు సాధ్యమైనది? హెచ్.పి.-35లో ఐదు సిలికాను చిప్పులుండగా, ఇందులో ఒక్కటే యున్నది. అదియు కూడిక, తీసివేత, గుణకారము, భాగహారములకై టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ చేసినది. దానిలో 320 ఆజ్ఞలకు మాత్రమే చోటు కలదు. నైజెల్ సెర్ల్ అను గణితజ్ఞుడు త్రికోణమితిని, సంవర్గమానములను ఆ కొద్దిపాటి చోటులోనే ఇమిడ్చెను.

ఆయన యుక్తి సులభమైనది. యంత్రము కోణమును ఒక్కసారిగా తీసికొనక, 0.001 రేడియను చొప్పున చిన్న చిన్న అడుగులు వేయును. 30 డిగ్రీలనగా 0.5236 రేడియను, కనుక సుమారు 524 అడుగులు. అందుచే జవాబునకు వేచియుండక తప్పదు. కొసైను 0.2 గల కోణమును కనుగొనుటకు దాదాపు 15 సెకనులు పట్టెడిది!

చోటు పొదుపువలన మరికొన్ని వింతలు కలిగినవి. దశాంశ బిందువునకు మీట లేదు. మొదటి అంకె తరువాత బిందువున్నట్లే యంత్రము భావించును. 15 కావలెనన్న 1, 5 నొక్కి, పిదప ఘాతపు మీటను, 1ని నొక్కవలెను. సమాన చిహ్నమును లేదు: 2, 3లను కూడుటకు ‘2 + 3 +’ అని నొక్కవలెను. డిగ్రీలను రేడియనులుగా మార్చుటకు వలసిన 57.2958 అను సంఖ్య యంత్రపు పైతొడుగుమీదనే అచ్చువేయబడి యుండెను. దానితో భాగించుట మన పని.

తెరపై ఘాతము గాక ఐదంకెలు వెలిగినను, ఇట్టి ఫలితములలో నమ్మదగినవి సాధారణముగా మూడే. స్లైడు రూలును దాదాపు మూడంకెల వరకే చెప్పును గనుక, ఈ సంగతి తెలిసినవానికి నష్టము లేదు. తెలియనివాడు మాత్రము వెలిగిన ప్రతి అంకెను సత్యమనుకొనును.

నేటి యంత్రములు పది అంకెలను క్షణములో చూపును. అయినను, కొలబద్దతో మూడంకెల వరకే కొలిచిన పొడవునుండి పది అంకెల జవాబు వచ్చినపుడు, అందులో నిజమైనవి ఎన్ని? తరగతిలో ఈ ప్రశ్న నడుగుట అలవాటు చేసికొన్నచో, ఆ పాత యంత్రము నేర్పిన పాఠము వృథా కాదు.