మాట వెనుక కథ: డొమైన్

లాటిన్‌లో 'డొమినస్' అంటే యజమాని. అక్కడి నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన 'డొమైన్' అంటే ఒకరి ఏలుబడిలోని నేల. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన పేర్ల వ్యవస్థతో ఈ మాట ఇంటర్నెట్‌లో స్థిరపడింది.

'డొమైన్ కొన్నాం' అంటాం గానీ అది సొంతమైపోదు. డాట్ కామ్, డాట్ ఇన్ పేర్లను ఒక విడతలో పదేళ్లకు మించి ఇవ్వరు. గడువు దాటాక రెన్యూ చేయకపోతే ఇంకెవరైనా తీసుకోవచ్చు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు, ఆ ఊరి నేల చాలావరకు టాటా స్టీల్ లీజులోనిదే.

అక్కడి తెలుగు సంఘాలు డొమైన్ తీసుకోవాలంటే పేరు ఎంచుకోవడంలోనే అసలు చిక్కు. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయింది, కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. జనం నోట మాత్రం ఊరు 'టాటా'యే. ఊరి పేరే కదా అని దాన్ని డొమైన్‌లో పెట్టుకుంటే ట్రేడ్‌మార్క్ గొడవ రావచ్చు. జేఆర్‌డీటాటా డాట్ కామ్ వంటి పేర్ల వాడకాన్ని ఢిల్లీ హైకోర్టు 2001లోనే ఆపింది. పోనీ జంషెడ్‌పూర్ అని పెడదామంటే ఇంగ్లీషులో పది అక్షరాలు. ఫోన్లో చెబితే 'షె' దగ్గర ఇ రాయాలా, ఐ రాయాలా అని అడుగుతారు.

తెలుగు లిపిలోనే, చివర డాట్ భారత్‌తో పేరు తీసుకునే వీలుంది. అక్కడి తెలుగు సంఘాలు ముందు అదే తీసుకోవాలని నా కోరిక.