ఉద్దానం తీరంలో దోమకాటు వ్యాధులు: నీరు, పారిశుద్ధ్యం, ప్రజా చైతన్యం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను ఉద్దానం అంటారు. పరిధి విషయంలో భేదాభిప్రాయాలున్నా ఏడు మండలాల లెక్కే ఎక్కువ వాడుకలో ఉంది. టెక్కలి దీని కిందికి రాకపోయినా, వైద్య అవసరాల రీత్యా దాన్నీ కలిపి చూడటం సబబు. మలేరియా, ఫైలేరియా (బోదకాలు), డెంగీ, చికున్‌గున్యా ఇక్కడ ముఖ్యంగా చెప్పుకోవలసిన దోమకాటు వ్యాధులు.

మలేరియా

మలేరియాకు దోమే వాహకమని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో కనిపెట్టాడు. దేశవ్యాప్త నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలై, 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారింది. ఈ జిల్లాలో మలేరియా ప్రధానంగా కొండ పల్లపు ఊళ్ల వ్యాధి. మహేంద్రగిరి పాదాల దగ్గరి మందస గిరిజన గూడేలు, సీతంపేట కొండలు ఇందుకు పేరుపడ్డాయి. తూర్పు కనుమల్లో పారే గెడ్డల అంచుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ ఇక్కడి పాత శత్రువు. సీతంపేట 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కాబట్టి ఆ తర్వాతి శ్రీకాకుళం లెక్కల్లో మలేరియా తగ్గినట్టు కనిపిస్తే, అందులో కొంత సరిహద్దు మార్పు వల్ల వచ్చిందే కావచ్చు.

తీరపు మలేరియా విషయం వేరు. 1940ల ప్రాంతంలో ఒడిశా తీరంలో, చిలికా సరస్సు చుట్టుపక్కల జరిగిన పరిశీలనలు ఉప్పునీటి దోమ అనాఫిలిస్ సుందైకస్‌ను ప్రధాన వాహకంగా గుర్తించాయి. టెక్కలి దగ్గరి నౌపడ ఉప్పు మళ్లనూ ఆ కోవలో చేర్చాలనిపించడం సహజమే. కానీ ఆ జాతి తర్వాత ప్రధాన భూభాగంలో దాదాపు కనుమరుగైంది, ఇప్పుడు ముఖ్యంగా అండమాన్ నికోబార్ దీవులకే పరిమితం. నేటి జ్వరాలకు ఉప్పు మళ్లను తప్పుపట్టడం నిలిచే వాదన కాదు.

బోదకాలు

ఇది మురుగునీటి దోమ క్యూలెక్స్ తెచ్చే వ్యాధి. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి ఏటా ఇంటింటికీ ఫైలేరియా మందు డీఈసీ, తర్వాత దానితోపాటు ఆల్బెండజోల్ మాత్రలు పంచారు. అలా మాత్రలు పంచిన జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. సూక్ష్మక్రిములు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి గనుక నమూనాలు కూడా రాత్రే తీయాలి. కాలు వాయని మనిషికి మాత్ర ఎందుకో నచ్చజెప్పడం ఏ సిబ్బందికైనా కష్టమే. క్రిమి ఒంట్లో చేరిన ఏళ్లకు గానీ వాపు రాదన్న సంగతి ముందు చెప్పాలి.

మరుగుదొడ్ల విషయంలో ఒక మెలిక ఉంది. 2014 తర్వాత స్వచ్ఛ భారత్ కింద ఊరూరా మరుగుదొడ్లు లేచాయి. ఆరుబయటి మలవిసర్జన తగ్గడం మేలే. అయితే సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి వల కట్టకపోయినా, మూతకు పగులు ఉన్నా, అదే క్యూలెక్స్‌కు పుట్టిల్లవుతుంది. ప్రచారంలో ఈ వల మాట వినిపించేది తక్కువ.

నిల్వ నీరు

డెంగీ, చికున్‌గున్యాలను వ్యాపింపజేసే ఈడిస్ దోమ మురుగులో కాదు, ఇంటి శుభ్రమైన నీళ్లలో పెరుగుతుంది. పగలే కుడుతుంది, పుట్టిన ఇంటిని దాటి ఎక్కువ దూరం పోదు. డ్రమ్ములు, సిమెంటు తొట్లు, వాడని రుబ్బురోళ్లు, పాత టైర్లు దానికి చాలు. కొబ్బరి, జీడి తోటల సీమలో రాలిన చిప్పలు, చెట్టు తొర్రలు కూడా తోడవుతాయి. ఈ తోటల్లో ఈడిస్‌లోనే ఒక జాతి అయిన ఈడిస్ ఆల్బోపిక్టస్‌కు అనువైన చోటు దొరుకుతుంది.

గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఫ్రైడే డ్రైడే’ పేరిట శుక్రవారం తొట్లు ఖాళీ చేయమని చెప్పడానికి ఆధారం ఇదే. ఒంపడంతో పని పూర్తికాదు. గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, నీరు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి, అందుకని రుద్ది కడగాలి. ఖాళీ చేయలేని బావుల్లో గంబూసియా చేపలు వదులుతారు.

ఉద్దానంలో ఈ సలహాకు నీటి కరవు అడ్డొస్తుంది. ఈ ప్రాంతాన్ని ఏళ్లుగా వేధిస్తున్న కిడ్నీ జబ్బు భయంతో ఇక్కడి జనం బోరు నీటిని అనుమానిస్తారు. డబ్బా నీళ్లు కొంటారు, కుళాయి వచ్చినప్పుడు పట్టి దాచుకుంటారు. మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియని నీటిని పారబోయమంటే ఎవరు వింటారు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఈ నీటి కరవు తీవ్రరూపం దాల్చింది. కరెంటు పోయి మోటార్లు ఆగాయి, ఊళ్లు ట్యాంకర్ల మీద ఆధారపడ్డాయి.

వంశధార ప్రాజెక్టులోని హిరమండలం జలాశయం నుంచి 807 ఆవాసాలకు నీరిచ్చే, సుమారు 700 కోట్ల రూపాయల పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. కిడ్నీ రోగం దృష్టితో కట్టిన ఈ పథకాన్ని డెంగీ నివారణలో ఎవరూ లెక్కించరు. కుళాయి రోజూ నమ్మకంగా వస్తే డ్రమ్ముల అవసరం తగ్గుతుంది. ఆ లెక్కన కరపత్రాల కంటే ఇదే ఎక్కువ పని చేయగలదు.

చైతన్య కార్యక్రమాలు

2016లో రాష్ట్ర ప్రభుత్వం ‘దోమలపై దండయాత్ర’ పేరుతో ర్యాలీలు నడిపింది. ర్యాలీలకు ఫొటోలు మిగులుతాయి, దోమకు నష్టం తక్కువ. ఆశా కార్యకర్త ఇంట్లోకి వచ్చి, గ్లాసులో నీళ్లు తీసి, మెలికలు తిరిగే పురుగును ఇల్లాలికి చూపడం అంతకంటే మేలైన పాఠం. ఆ పురుగే దోమ అవుతుందని చాలామందికి అప్పటిదాకా తట్టదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీలకు జాతీయ ఆరోగ్య మిషన్ కింద చిన్నపాటి నిధి ఉంటుంది. కాలువ పూడిక తీతకు దాన్ని వాడుకోవచ్చు.

జ్వరం, కిడ్నీ

ఉద్దానం కిడ్నీ వ్యాధి 1990ల మొదట్లోనే బయటపడిందని కొందరు, 2000 ప్రాంతంలో అని మరికొందరు అంటారు. కారణం ఇప్పటికీ తేలలేదు. ఎండలో పని, నీరు చాలకపోవడం, నేల, నీటి ఖనిజాలు, నొప్పి మాత్రలు ఇలా చాలా అనుమానాలున్నాయి. దోమకాటు జ్వరాలకూ కిడ్నీకీ లంకె ఈ మాత్రల దగ్గరే. చికున్‌గున్యా కీళ్ల నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి, మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు మింగడం మామూలే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి, దెబ్బతిన్న కిడ్నీకి మరింత చేటు. ప్రచార పత్రాల్లో దోమతెర పక్కన ఈ హెచ్చరిక తప్పక ఉండాలి. జ్వరం వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించుకోవాలి. పారాసిటమాల్ కూడా తగిన మోతాదులోనే వాడాలి, వేరే నొప్పి మాత్ర ఏదీ వైద్యుడు చెప్పనిదే వేసుకోరాదు.