మేక్‌లో పూర్వనిర్వచిత చలరాశులు

పూర్వనిర్వచిత చలరాశులు అనగా మేక్ అను సాఫ్టువేరు నిర్మాణ ఉపకరణము నందు, ప్రోగ్రామరు ఏమియు వ్రాయక మునుపే విలువలు కలిగియుండు చలరాశులు. ఏ కంపైలరును పిలువవలెను, ఫైళ్ళను తొలగించుటకు ఏ ఆదేశమును వాడవలెను మొదలగు విషయములను ఇవి నిర్ణయించును. ఈ వ్యాసము ముఖ్యముగా గ్నూ మేక్‌కు సంబంధించినది.

చరిత్ర

మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మాన్ రచించెను. ఇందులకు ఆయనకు 2003 సంవత్సరపు ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారము లభించినది. గ్నూ మేక్‌ను రిచర్డ్ స్టాల్‌మన్, రోలాండ్ మెక్‌గ్రాత్ రచించిరి. పోసిక్స్ ప్రమాణములో ఈ చలరాశులను మాక్రోలు అందురు.

పనిచేయు విధానము

ఒక డైరెక్టరీలో హలో.సీ అను ఫైలు మాత్రమే ఉండి, మేక్‌ఫైలు లేకపోయినను, "మేక్ హలో" అని ఆదేశించినచో ప్రోగ్రాము తయారగును. సీ భాషా ఫైలు నుండి ప్రోగ్రామును నిర్మించు నియమము మేక్ నందు ముందే ఉన్నది. ఆ నియమములో కంపైలరు పేరు నేరుగా ఉండదు. దానికి బదులు $(సీసీ) అను చలరాశి ఉండును. అందువలన నియమమును మార్చకుండ, చలరాశి విలువను మార్చి వేరొక కంపైలరును వాడవచ్చును.

ముఖ్యమైన చలరాశులు

* సీసీ: సీ కంపైలరు. గ్నూ మేక్‌లో అప్రమేయ విలువ "సీసీ" అను ఆదేశమే.
* సీఎక్స్ఎక్స్: సీ++ కంపైలరు. అప్రమేయ విలువ "జీ++".
* సీఫ్లాగ్స్: సీ కంపైలరుకు ఇచ్చు ఐచ్ఛికములు. సాధారణముగా ఖాళీగా ఉండును.
* ఆర్ఎం: విలువ "ఆర్ఎం -ఎఫ్". తొలగించవలసిన ఫైలు లేకపోయినను దోషము చూపదు.
* మేక్: నడుచుచున్న మేక్ ప్రోగ్రాము పేరు. ఉప డైరెక్టరీలలో మేక్‌ను మరల పిలుచునపుడు దీనినే వాడవలెను.

$@ (లక్ష్యము), $< (మొదటి ఆధారము) వంటివి స్వయంచాలక చలరాశులు. వీటి విలువ ప్రతి నియమమునకు మారుచుండును గనుక ఇవి వేరొక తరగతికి చెందును.

ప్రాధాన్య క్రమము

అప్రమేయ విలువ అన్నిటికంటె బలహీనమైనది. షెల్ పరిసరములోని విలువ దానిని, మేక్‌ఫైలులోని విలువ పరిసరమును, ఆదేశ పంక్తిలో ఇచ్చిన విలువ మేక్‌ఫైలును అధిగమించును. "షెల్" అను చలరాశి దీనికి మినహాయింపు. అది వాడుకరి స్వంత అభిరుచిని తెలుపునది గనుక, మేక్ దానిని పరిసరము నుండి గ్రహించదు.

పొరపాట్లకు తావు

విలువ లేనిచో మాత్రమే విలువనిచ్చు "?=" గుర్తు ఇచ్చట తరచు మోసగించును. మేక్‌ఫైలులో "సీసీ ?= జీసీసీ" అని వ్రాసినను జీసీసీ ఎన్నిక కాదు; సీసీకి అప్రమేయ విలువ ముందే ఉన్నది గనుక ఆ పంక్తి నిష్ఫలమగును. అనేక లినక్స్ పంపిణీలలో "సీసీ" ఆదేశము జీసీసీనే నడుపును గనుక ఈ లోపము బయటపడదు. మాక్ఓఎస్, ఫ్రీబీఎస్‌డీలలో అదే ఆదేశము క్లాంగ్‌ను నడుపును. ఈ విధముగా ఒకే మేక్‌ఫైలు, ఏ హెచ్చరికయు లేకుండ, వేర్వేరు యంత్రములపై వేర్వేరు కంపైలర్లతో నిర్మాణము చేయును. విలువ ఎచ్చటి నుండి వచ్చినదో తెలుపు "ఆరిజిన్" ప్రమేయముతో పరీక్షించి, అది అప్రమేయమైనపుడు మాత్రమే మార్చుట సరియైన పద్ధతి.

పరిశీలన, తొలగింపు

"-పీ" ఐచ్ఛికముతో మేక్‌లోని చలరాశులు, నియమములు అన్నిటిని చూడవచ్చును. చిన్న అక్షరముతో వ్రాసిన "-ఆర్" అంతర్నిర్మిత నియమములను మాత్రమే తొలగించును. పెద్ద అక్షరముతో వ్రాసినచో పూర్వనిర్వచిత చలరాశులను కూడ తొలగించును.

ఇవి కూడా చూడండి

* కంపైలరు
* గ్నూ ప్రాజెక్టు
* యునిక్స్