నల్లగొండ నుంచి ఇంటికి: మెన్నోనైట్ మిషనరీల ఉత్తరాలు, వాటి వెనక లెక్కలు

1895 జనవరి 13న ఒక మిషనరీ నల్లగొండలో కూర్చుని ఇంటికి ఉత్తరం రాశాడనుకుందాం. ఆ రోజు దక్షిణ రష్యాలోని మొలోచ్నా పల్లెల్లో జనవరి 1. రష్యా సామ్రాజ్యం ఇంకా జూలియన్ పంచాంగాన్నే పట్టుకుని ఉంది. మనం వాడే తేదీకి అది పందొమ్మిదో శతాబ్దంలో పన్నెండు రోజులు, ఇరవయ్యో శతాబ్దంలో పదమూడు రోజులు వెనక. నల్లగొండ కచేరీలోనేమో నిజాం ప్రభుత్వపు ఫసలీ పంచాంగం నడుస్తుంది. ఈ ఉత్తరాల మీద పనిచేసేవాళ్ళు ముందుగా తేల్చుకోవలసింది తేదీ ఎవరిదన్నది: రాసినవాడిదా, అందుకున్నవాడిదా, అచ్చువేసినవాడిదా? తేదీల తిప్పలుగా మొదలైన ఈ ప్రశ్న కాస్త తవ్వితే మరో ప్రశ్న దగ్గరికి చేరుస్తుంది. అసలు ఆ ఉత్తరం ఎవరికోసం రాసింది?

ఇంటికోసం అని పైకి కనిపిస్తుంది. నా వాదన వేరు. నల్లగొండ, పాలమూరు మెట్టల నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు పంపిన ఉత్తరాలు ప్రధానంగా సంఘానికి ఒప్పజెప్పిన లెక్కలు. ఏది రాయాలో, ఏది మింగాలో, ఎవరి పేరు చెప్పాలో, ఎవరిని పేరులేకుండా వదిలెయ్యాలో ఆ లెక్కే నిర్ణయించింది.

ఈ మిషనరీలు ఎవరో తెలుగు పాఠకుడికి కొంచెం చెప్పాలి. పదహారో శతాబ్దపు ఐరోపాలో శిశు బాప్తిస్మాన్ని, ఆయుధం పట్టడాన్ని కాదన్న క్రైస్తవుల్లో మెన్నో సైమన్స్ అనుచరులు మెన్నోనైట్లు. నెదర్లాండ్స్ నుంచి ప్రష్యాకు, అక్కణ్ణుంచి రెండో కేథరిన్ పిలుపు మీద రష్యా పచ్చిక మైదానాలకు వెళ్ళి గోధుమ పండించారు. మొలోచ్నా కాలనీలో 1860 జనవరిలో కొందరు విడిపోయి మెన్నోనైట్ బ్రదరెన్ సంఘంగా ఏర్పడ్డారు. మనవాళ్ళ నోట ఎం.బి. చర్చి అంటే ఇదే. రష్యాలో సైనిక సేవ తప్పనిసరి చేస్తారన్న భయంతో 1874 నుంచి వేలమంది కాన్సస్, నెబ్రాస్కా, మిన్నెసోటా, మనిటోబాలకు వలసపోయారు. అంటే ఇంటికి ఉత్తరం రాయడం ఈ జనానికి కొత్త విద్య కాదు. ఊళ్ళు మారుతూ బతికినవాళ్ళు. సగం చుట్టాలు ఎప్పుడూ సముద్రం అవతలే.

మొలోచ్నాలోని రూకెనావు గ్రామం నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ (1859లో పుట్టినవాడు), భార్య మరియా 1889లో ఇండియా చేరారు. అంతకుముందు హాంబర్గులోని బాప్టిస్టు సెమినరీలో చదువు. అప్పటికి తెలుగు నేల పేరు బాప్టిస్టు లోకంలో మోగిపోతోంది. పెద్ద కరువు తరవాత 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలోని వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన కథ పత్రికల్లో తిరిగి తిరిగి వచ్చింది. రష్యా మెన్నోనైట్లు సొంతంగా మిషన్ పెట్టకుండా బోస్టనులోని అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ యూనియన్‌తో ఒప్పందానికి వచ్చారు: మనిషీ ఖర్చూ మావి, గొడుగు మీది. ఫ్రీసెన్ దంపతులు సికింద్రాబాదులో తెలుగు నేర్చుకుని, 1890లో నల్లగొండలో మకాం పెట్టారు. పాలమూరులో అదే బాప్టిస్టు యూనియన్ తరఫున ఎల్బర్ట్ చ్యూట్ అప్పటికే ఉన్నాడు. ఆ ఊరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ కావడం కూడా ఈ రోజుల్లోనే.

ఆ ఒప్పందంతో ఫ్రీసెన్‌కు రెండు ఇళ్ళు ఏర్పడ్డాయి. బోస్టను కార్యదర్శికి ఇంగ్లిషులో ఒక ఉత్తరం, మొలోచ్నాకు జర్మనులో ఒక ఉత్తరం. మొదటిది ఉద్యోగి పైవాడికి రాసేది, రెండోది ఊరివాడు ఊరికి రాసేది. పుట్టింట్లో వీళ్ళు మాట్లాడుకునేది ప్లౌట్‌డీచ్ అనే యాస. గుడిలో, పత్రికలో మాత్రం గ్రంథ జర్మను. కాబట్టి ఇంటికి రాసే ఉత్తరం కూడా ఇంటి భాషలో ఉండేది కాదు. ఉత్తరం వంటింట్లో చదివేది కాదనడానికి నాకు కనబడే మొదటి సాక్ష్యం ఇదే.

రెండో సాక్ష్యం, ఉత్తరం చేరాక దానికి పట్టిన గతి. మెన్నోనైట్ ఊళ్ళలో పంట కోతలయ్యాక మిషన్ పండుగ జరిపేవారు. దూరదేశపు ఉత్తరాలు బిగ్గరగా చదవడం, పాటలు, కానుకలు పట్టడం అందులో భాగం. తరవాత అవే ఉత్తరాలు అచ్చుకెక్కేవి. అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ వారపత్రిక ‘సియోన్స్‌బోటె’, అంటే సీయోను దూత, 1884లో మొదలై 1964 దాకా జర్మనులోనే నడిచింది. దాన్ని నింపినవాటిలో మిషన్ ఉత్తరాలది పెద్ద వంతు. ఫ్రీసెన్ స్వయంగా ‘దాస్ ఎర్న్‌టెఫెల్డ్’ అన్న పత్రిక తీశాడు. కోతకు వచ్చిన పొలం అని అర్థం. గోధుమ రైతులకు ఆ పేరు ప్రత్యేకంగా విప్పి చెప్పనక్కర్లేదు. జొన్న, ఆముదం, చెరువు కింద వరి తప్ప గోధుమ కంటబడని నల్లగొండ మెట్ట ఆ రైతుల ఊహలో బంగారు కంకుల మైదానమైంది. ఇది కవిత్వమే కావచ్చు, కానీ డబ్బు రాబట్టిన కవిత్వం.

డబ్బు సంగతి దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఈ ఉత్తరాలు చదివిన చాలామంది దాన్ని దాటేసి భక్తి దగ్గరికి వెళ్ళిపోతారు. మొలోచ్నాలో పళ్ళెంలో పడ్డది రూబుల్. అది బ్యాంకుల గుండా బ్రిటిష్ ఇండియా రూపాయిగా మారాలి. నిజాం రాజ్యంలో దాన్ని కల్దారు అంటారు. నల్లగొండ అంగడిలో చెల్లేది నిజాం సొంత నాణెం హాలీ సిక్కా. ఈ రెండు రూపాయల మారకం తరవాత స్థిరపడినప్పుడు నూరు కల్దార్లకు సుమారు 116 హాలీ రూపాయలు. బోధకుడి జీతం, సున్నం, కలప, బండి బాడుగ హాలీలో. బోస్టనుకు పంపే లెక్క కల్దార్లలో. ఇంటివాళ్ళ కానుకకు రసీదు రూబుళ్ళలో. ఒక్క గుడి గోడకు మూడు నాణేల లెక్క రాయవలసిన మనిషి ఉత్తరంలో అంకెలు దట్టంగా ఉండడం సహజం. బాప్తిస్మాల సంఖ్య కూడా ఆ అంకెల పక్కనే కూర్చుంటుంది. ఇచ్చినవాడికి రెండూ కలిపే చూపించాలి కదా.

తపాలా కూడా ఇలాగే రెండు ప్రభుత్వాల మధ్య నలిగింది. 1869 నుంచి నిజాం ప్రభుత్వానికి సొంత తపాలా బిళ్ళలున్నాయి, కానీ అవి రాజ్యం పొలిమేర దాటి చెల్లవు. సీమకు పోయే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ అంటించి, ఆ తపాలాకే అప్పజెప్పాలి. సికింద్రాబాదు నుంచి భువనగిరి, జనగామల మీదుగా వరంగల్లుకు రైలు 1886 నాటికే వచ్చింది. నల్లగొండకు మాత్రం స్వాతంత్ర్యం వచ్చాకే. అందాకా కచ్చడాలు, ఎడ్లబండ్లు, తపాలా మోసే మనుషులు. బొంబాయిలో ఓడ ఎక్కి, సూయజ్ దాటి, ఉత్తరం చేరేసరికి వారాలు గడిచేవి. బిడ్డకు జ్వరమని రాసిన కాగితం అవతల విప్పేటప్పటికి ఇవతల జ్వరం తగ్గి ఉండాలి, లేదా బిడ్డ పోయి ఉండాలి. ఈ జాప్యం ఉత్తరాల గొంతును మార్చిందని నా అభిప్రాయం. ఇవాళ్టి బెంగను రాసి లాభం లేదు గనక, జరిగిపోయినదాన్ని దేవుడి చిత్తంగా కుదుర్చుకుని రాశారు. ఆ నిబ్బరమంతా విశ్వాసం ఇచ్చిందే కాకపోవచ్చు. కొంత తపాలా ఇచ్చింది.

ఇక ఆ కాగితాల్లోకి రానివాళ్ళు. పదవీ పేర్లకు కొదవ లేదు: తాలూక్‌దారు, పటేలు, పట్వారీ, జాగీర్దారు, వనపర్తి, గద్వాల సంస్థానాల రాజులు. రష్యాలో, కాన్సస్‌లో వాటికి సాటి మాట లేదు కాబట్టి విడమరచి చెప్పాలి. చలికాలపు పర్యటనలు, గుడారాలు, వాగులు, కలరా ఉంటాయి. 1899–1900 కరువు ఉంటుంది. అయితే ఆ పర్యటనలో ముందు నడిచి, మాదిగవాడలో ఎవరింటి ముందు ఆగాలో చెప్పి, దొర పుస్తకాల తెలుగును ఊరివాళ్ళకు మళ్ళీ తెలుగులో చెప్పినవాడు చాలాచోట్ల ఒట్టి ‘బోధకుడు’. ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళగలిగినామె ‘బైబిలు స్త్రీ’. సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు, తరవాత మాలలు. ఊరు వాళ్ళను కులం పేరుతో పిలిచింది. ఉత్తరం ఆత్మల సంఖ్యగా లెక్కించింది. రెండు చోట్లా సొంత పేరు దక్కలేదు. చందా ఇచ్చేవాడికి గుర్తుండవలసిన పేరు తన ఊరి నుంచి వెళ్ళిన కుర్రవాడిది. తెలుగు పేరు అతని నోరు తిరగదు. దీన్ని మిషనరీల దురుద్దేశంగా చదవడం తొందరపాటు. చందా ఉత్తరమన్న ప్రక్రియకే ఆ గుణం ఉంది.

ఉత్తరమే ఊపిరి అన్న సంగతి 1914లో బయటపడింది. ఫ్రీసెన్ 1908లోనే వెనక్కి వెళ్ళిపోయాడు. నల్లగొండ కొర్నేలియస్ ఉన్రూ చేతిలో ఉంది, సూర్యాపేటలో అబ్రహాం హ్యూబర్ట్ ఉన్నాడు. యుద్ధంలో రష్యా బ్రిటన్ పక్షమే గనక వీళ్ళు శత్రుదేశస్థులు కారు. చిక్కు అటువైపు వచ్చింది. ఆ నవంబరులో రష్యా ప్రభుత్వం జర్మను పత్రికలను నిషేధించింది. మెన్నోనైట్ల ‘ఫ్రీడెన్స్‌ష్టిమ్మె’ ఆగిపోయింది. ఉత్తరం అచ్చయ్యే చోటు పోయింది, చదివే పండుగ పోయింది, కానుక ఆగింది. తరవాత విప్లవం, అంతర్యుద్ధం. 1921–22 కరువులో నల్లగొండకు దానం పంపిన ఊళ్ళే అమెరికా చుట్టాలు పంపిన రొట్టె తిన్నాయి. వాళ్ళను ఆదుకోవడానికి 1920లో పుట్టినదే మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ. నల్లగొండ మిషన్ భారం బోస్టను మీద పడింది.

కృష్ణకు దగ్గరగా ఉన్న దక్షిణపు తాలూకాల్లో అమెరికా మెన్నోనైట్ల శాఖ వేరుగా పెరిగింది. మిన్నెసోటాలోని మౌంటెన్ లేక్ నుంచి నికొలాయ్ హీబర్ట్ పాతికేళ్ళ వయసులో, భార్య సుసానాతో 1899లో హైదరాబాదు వచ్చాడు. ఆరోగ్యం చెడి 1901లో వెనుదిరిగాడు. తరవాత ఎన్నో ఏళ్ళు విదేశీ మిషన్ బోర్డు కార్యదర్శిగా ఉన్నాడు. రెండేళ్ళు ఉత్తరాలు రాసిన మనిషి జీవితమంతా ఉత్తరాలు అందుకునే మనిషయ్యాడు! నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి నుంచి వచ్చే కాగితాల్లో ఏది బడాయో, ఏది బాధో అతనికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? 1937లో బాప్టిస్టుల నుంచి మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలు కూడా ఈ సంఘానికే వచ్చాయి.

ఇక్కడికి వచ్చిన మిషనరీ ఆడవాళ్ళ ఉత్తరాలది మరో తీరు. 1907లో వచ్చిన డాక్టర్ కాథరినా షెల్లెన్‌బర్గ్ నాగర్‌కర్నూలులోనూ, 1928 నుంచి శంషాబాదు ఆసుపత్రిలోనూ పనిచేసి, 1945 జనవరి 1న అక్కడే కన్నుమూసింది. బాప్తిస్మాలు ఇచ్చే అధికారం ఆమెకు లేదు. ఆమె చూపగల లెక్క రోగులది. ఆ లెక్కలో పుండు, కాన్పు, పాముకాటు ఉంటాయి. మనిషి ఒంటితో సహా కనబడతాడు. మగవాళ్ళ పర్యటన నివేదికల కంటే వైద్యుల, నర్సుల రాతల్లోనే పాలమూరు ఎక్కువ దొరుకుతుందని నేననుకోవడం ఇందుకే.

పోల్చి చూడటానికి అమెరికాలో పుట్టిన మరో మతశాఖ మార్మన్ల పద్ధతి పనికొస్తుంది. వాళ్ళ మిషనరీ మరీ పిన్నవయసువాడు. 2012లో వెళ్ళే వయసును మగపిల్లలకు పద్దెనిమిదికి, ఆడపిల్లలకు పందొమ్మిదికి తగ్గించారు. అబ్బాయికి రెండేళ్ళు, అమ్మాయికి ఏడాదిన్నర. ఖర్చు ప్రధానంగా కుటుంబానిదే. ఎప్పుడూ ఇద్దరేసి కలిసి ఉండాలి. వారానికో ఉత్తరం, తరవాత ఈమెయిల్. ఏడాదికి రెండుసార్లే ఉన్న ఫోను 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం చేసుకునే వీలొచ్చింది. వాళ్ళు మద్రాసుకు 1853లోనే వచ్చారు: రిచర్డ్ బాలంటైన్ కరపత్రాలు అచ్చువేయించి, మరుసటి ఏడాదే వెళ్ళిపోయాడు. తెలుగువాళ్ళలోకి ఆ మతం వచ్చిన దారి మాత్రం చుట్టరికం. సమోవాలో ఉద్యోగం చేస్తూ మార్మన్లయిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువులకే బోధించారు. ఎల్సీ తండ్రి, బాప్టిస్టు పాదిరి శ్రీనివాసం, మార్మను గ్రంథాన్ని తెలుగు చేశాడు. 2012లో దేశంలోని మొదటి స్టేకు, అంటే కొన్ని సంఘాల కూటమి, హైదరాబాదులోనే ఏర్పడింది. ఖర్చు ఇంటివాళ్ళదైనప్పుడు ఉత్తరం అమ్మకు రాసుకోవచ్చు. పెట్టెలు మరిచానని, తిండి సహించలేదని చెప్పుకోవచ్చు. ఊరందరి కానుకతో వచ్చినవాడికి ఆ వెసులుబాటు తక్కువ. నల్లగొండ ఉత్తరాల బిగువుకు కాలం కంటే, మతం కంటే ఈ తేడాయే పెద్ద కారణం.

ఈ కాగితాలు ఇవాళ ఫ్రెస్నో, విన్నిపెగ్, హిల్స్‌బొరోల్లోని మెన్నోనైట్ బ్రదరెన్ అధ్యయన కేంద్రాల్లో ఉన్నాయి. ఎక్కువ భాగం జర్మను, అదీ పాత లిపిలో. పీటర్ పెన్నర్ 1997లో ఈ మిషన్ చరిత్రను ఇంగ్లిషులో రాశాడు. నల్లగొండ చరిత్ర రాసే మనవాళ్ళు జర్మను నేర్చుకునే రోజు వస్తుందో లేదో గానీ, నిజాం పాలనలోని ఒక మారుమూల జిల్లా గురించి ఏళ్ళ తరబడి ఆగకుండా రాసిన ఇలాంటి దస్త్రం కచేరీ బయట మరొకటి దొరకడం కష్టం.

నికొలాయ్ హీబర్ట్ మనవడు పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదులో పుట్టాడు. తనూ మిషనరీగా పనిచేసి, మానవ శాస్త్రవేత్త అయ్యాడు. 1971లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం అచ్చువేసిన అతని ‘కొండూరు’ పాలమూరు వైపు పల్లె మీద రాసిన పుస్తకం. తాతల ఉత్తరాల్లో అడ్డంకిగా, చీకటిగా వచ్చిన కులం అందులో ప్రశ్నగా వస్తుంది: ఎవరు ఎవరింట తింటారు, ఎవరు ఎవరికి పని చేస్తారు, తగువు వస్తే ఎవరి మాట నెగ్గుతుంది. మిన్నెసోటా మిషన్ పండుగలో చదివి వినిపించడానికి ఆ పుస్తకంలో ఏమీ లేదు.